ఒక చేతి గాజులే బిగిస్తే... గొట్టం పెట్టిన పిల్లల్లో రక్తం గడ్డలు

“పిల్ల కాస్త ఒళ్ళు చేసింది కదండీ డాక్టరుగారూ!” అంది ఆ అమ్మమ్మ, సంతోషం పట్టలేక.

పిల్లకి ఏడేళ్ళు. రక్త కాన్సర్‌కి పట్నంలోని పెద్దాస్పత్రిలో వైద్యం జరుగుతోంది. చెప్పిన తేదీకి వెళ్ళి మందులు ఎక్కించుకుని, మళ్ళీ ఊరికి వచ్చేస్తుంటారు. మాటిమాటికీ సూదులు గుచ్చే బాధ లేకుండా, ఛాతీ కుడివైపున, చర్మం అడుగున చిన్న బిళ్ళలాంటి ‘పోర్టు’ అమర్చారు. ఆరోజు దగ్గుకి మందు కోసం మా ఆస్పత్రికి తీసుకొచ్చారు.

ఆ జబ్బుకి స్టెరాయిడ్ మాత్రలు వాడతారు. అవి వాడే పిల్లలకి ముఖం గుండ్రంగా ఉబ్బడం మామూలే. నేనూ అలాగే అనుకుని మందుచీటీ రాసి ఇచ్చేసేవాణ్ణే. ఇంతలో పిల్ల చెయ్యి చాచి నా బల్లమీద పెన్ను అందుకోబోయింది. కుడిచేతి గాజులు మణికట్టుకి బిగుసుకుపోయి చర్మంమీద గాటు పడింది. ఎడమచేతి గాజులు మాత్రం గలగలమంటూ మోచేతిదాకా జారుతున్నాయి.

ఒళ్ళు చేస్తే రెండు చేతులూ చెయ్యాలి కదా!

గౌను బొత్తాలు విప్పించి చూశాను. కుడి భుజంమీద, ఛాతీమీద నీలిరంగు గీతలు తీగల్లా పాకి ఉన్నాయి. మనవాళ్ళు వీటిని ‘నరాలు’ అంటారు గాని ఇవి నరాలు కావు, సిరలు. అంటే చెడురక్తాన్ని గుండెకి చేరవేసే రక్తనాళాలు. లోపల ఎక్కడో పెద్ద సిర మూసుకుపోయింది కనుక, పిల్లకాలవల్లాంటి ఈ చిన్న సిరలు ఉబ్బి ఆ పని చేస్తున్నాయన్నమాట. ఆ సాయంత్రమే పట్నం పంపించాను. పరీక్షలో అదే తేలింది. గొట్టం చుట్టూ రక్తం గడ్డ కట్టి, చేతి నుంచి వచ్చే పెద్ద సిరని మూసేసింది.

నేనేదో గొప్పవాణ్ణి కాబట్టి కనిపెట్టానని అనుకోకండి. అంతకు కొన్నేళ్ళ ముందు ఇలాంటి వాపునే చూసి పొరపాటు పడ్డాను. ఆ సంగతి తర్వాత చెబుతాను. ముందు అసలు ఈ గొట్టం ఏమిటో, ఎందుకు పెడతారో, రక్తం అందులో ఎందుకు గడ్డ కడుతుందో తెలుసుకుందాం.

గొట్టం ఎందుకు?

మామూలు జ్వరానికి సెలైను పెట్టాలంటే ముంజేతి సిర చాలు. రెండు మూడు రోజుల్లో పని అయిపోతుంది. కాని కొన్ని జబ్బులకి నెలల తరబడి, ఒక్కోసారి రెండు మూడేళ్ళపాటు వైద్యం సాగుతుంది. రక్త కాన్సర్, పేగులు సరిగా పనిచెయ్యని పసివాళ్ళకి రక్తంలోకే ఆహారం ఇవ్వడం, మూత్రపిండాలు చెడినవాళ్ళకి డయాలిసిస్, ఎముకమజ్జ మార్పిడి ఇలాంటివి. పైగా కాన్సర్ మందుల్లో కొన్ని చాలా ఘాటైనవి. చేతి సిర పక్కకి ఒక్క చుక్క కారినా చర్మం కమిలి పుండు పడుతుంది. అవే మందులు గుండె దగ్గరి పెద్ద సిరలోకి పడితే, అక్కడ ఉరవడిగా పారే రక్తంలో వెంటనే కలిసి పలచబడిపోతాయి.

అందుకే మెడ దగ్గరో, కాలర్ బోన్ కిందో, మోచేతి పైభాగంలోనో ఉన్న సిరలోంచి సన్నని, మెత్తని గొట్టాన్ని లోపలికి పంపి, దాని కొస గుండె పైగది ముఖద్వారం దగ్గర ఉండేటట్టు అమరుస్తారు. దీన్నే సెంట్రల్ లైన్ అంటారు. బయటి కొస ఛాతీమీద కనిపించేది హిక్‌మన్ లైను, బ్రోవియాక్ లైను. చేతినుంచి వేసేది పిక్ లైను. మొత్తం చర్మం కిందే దాగి ఉండేది పోర్టు.

గుండెదాకా గొట్టం పంపవచ్చునని మొదట తనమీద తానే రుజువు చేసుకున్నవాడు వెర్నర్ ఫోర్స్‌మన్ అనే పాతికేళ్ళ జర్మన్ వైద్యుడు. 1929లో తన చేతి సిరలోంచి గొట్టం దూర్చుకుని, ఎక్స్‌రే గదికి నడిచి వెళ్ళి, కొస గుండెలో ఉన్నట్టు ఫొటో తీయించుకున్నాడు. అప్పుడు చీవాట్లు తిన్నాడు. 1956లో నోబెల్ బహుమతి పుచ్చుకున్నాడు. పేగు దాదాపు లేకుండా పుట్టిన ఒక శిశువుని అమెరికాలోని ఫిలడెల్ఫియాలో 1967లో ఇలాంటి గొట్టం ద్వారా ఆహారమిచ్చి నెలల తరబడి బతికించారు. ఎక్కువకాలం ఉంచడానికి వీలైన గొట్టాలు 1973లో బ్రోవియాక్, 1979లో హిక్‌మన్ పేర్లమీద వచ్చాయి.

ఇందులో మన తెలుగువారి వాటా కూడా ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో పనిచేస్తూ, తన బృందంతో తయారుచేయించిన మందునే బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్త కాన్సర్ పిల్లలకి ఇచ్చాడు. జబ్బు తాత్కాలికంగానైనా వెనక్కి తగ్గిందని 1948లో ప్రకటించాడు. ఆ కుటుంబానికే చెందిన మెథోట్రెక్సేట్‌ని ఈనాటికీ ఈ పిల్లలకి వాడుతున్నారు. అప్పట్లో వారాల్లో పోయే పిల్లలు ఇప్పుడు పెరిగి పెద్దవాళ్ళై పెళ్ళిళ్ళు చేసుకుంటున్నారు. అంతకాలం వైద్యం సాగడానికి ఈ గొట్టం ఒక ఆసరా. కనుక గొట్టాన్ని శత్రువుగా చూడకండి. ఈ వ్యాసం చదివి “మా పిల్లకి గొట్టం వద్దు” అని ఎవరైనా పట్టుబడితే నా శ్రమంతా వృథా.

రక్తం ఎందుకు గడ్డ కడుతుంది?

రక్తం గడ్డ కట్టడం దేవుడిచ్చిన వరం. అదే లేకపోతే కత్తిపీట తగిలి వేలు తెగినా ప్రాణం మీదికి వస్తుంది. చిక్కల్లా, కట్టకూడని చోట కట్టినప్పుడే.

జర్మనీ శాస్త్రవేత్త విర్కో 1850ల్లోనే మూడు కారణాలు సూచించాడు. రక్తం నడక మందగించడం, రక్తనాళం లోపలి గోడ దెబ్బతినడం, రక్తంలోనే గడ్డ కట్టే గుణం పెరగడం. గొట్టం పెట్టిన పిల్లల్లో ఈ మూడూ ఒకచోట చేరతాయి.

పంటకాలవలో వెదురుబొంగు పాతి చూడండి. బొంగు చుట్టూ నీటివాలు తగ్గుతుంది. నాలుగు రోజులకి నాచు పడుతుంది. దానికి గడ్డీ గాదం చిక్కుకుంటాయి. కాలవ పెద్దదైతే ఫరవాలేదు. పిల్లకాలవలో అదే బొంగు పాతితే సగం కాలవ దానికే సరిపోతుంది. పిల్లల సిరలు పిల్లకాలవలు. పెద్దవాళ్ళకంటే పిల్లల్లో, పిల్లల్లోకెల్లా నెలలు నిండని శిశువుల్లో ఈ ముప్పు అందుకే ఎక్కువ.

ఇక రెండోది. గొట్టం దూర్చినచోటా, దాని కొస తగిలేచోటా సిరగోడ గీసుకుంటుంది. గీత పడినచోట మరమ్మతు చెయ్యడానికి రక్తకణాలు గుమిగూడతాయి.

మూడోది జబ్బు, మందులు. రక్త కాన్సర్‌కి ఇచ్చే ఆస్పరాజినేజ్ అనే సూదిమందు జబ్బుమీద బాగా పనిచేస్తుంది. కాని శరీరంలో రక్తం అనవసరంగా గడ్డ కట్టకుండా కాపలా కాసే ‘యాంటీత్రాంబిన్’ అనే మాంసకృత్తుని కూడా తగ్గించేస్తుంది. దానికి స్టెరాయిడ్లు తోడవుతాయి. ఆపైన జ్వరం, వాంతులు, నీళ్ళు సరిగా తాగకపోవడం ఉండనే ఉన్నాయి.

మామూలు పిల్లల్లో సిరలో గడ్డ కట్టడం చాలా అరుదు. కాని నవజాత శిశువుల్లో అలా జరిగిందంటే పదింట తొమ్మిదిసార్లు ఇలాంటి గొట్టమే కారణం. పెద్దపిల్లల్లోనూ సగానికి పైగా సందర్భాల్లో కారణం ఇదే. 2003లో వెలువడిన ఒక అధ్యయనంలో, గొట్టం ఉండి ఆస్పరాజినేజ్ తీసుకుంటున్న 60 మంది రక్త కాన్సర్ పిల్లలని పట్టుపట్టి అన్ని పరీక్షలూ చేసి వెతికితే 22 మందిలో గడ్డలు కనిపించాయి. వాళ్ళలో చాలామందికి పైకి ఏ లక్షణమూ లేదు. శరీరం చిన్న సిరల్ని దారిమళ్ళింపుకి వాడుకుని నెట్టుకొస్తుంది. ఆ దారులు కూడా చాలనప్పుడే వాపు బయటపడుతుంది.

గడ్డ ఎక్కడెక్కడ కడుతుంది?

అన్ని గడ్డలూ ఒకటి కావు.

మొదటిది గొట్టం లోపల కట్టేది. మందు ఎక్కదు, రక్తం రాదు. గొట్టం పనికిరాకుండా పోతుంది గాని పిల్లకి వెంటనే ప్రమాదం లేదు.

రెండోది గొట్టం చుట్టూ, కత్తికి ఒర తొడిగినట్టు సన్నని పొర కట్టడం. దీని తమాషా ఏమిటంటే, మందు ఎక్కుతుంది, రక్తం మాత్రం వెనక్కి రాదు. చేతిపంపులో తోలు వాషరులా ఆ పొర ఒకవైపే తెరుచుకుంటుంది. “మందు ఎక్కుతోందిగా, ఇంకేం!” అని ఊరుకోకూడదు. ఆ పొర వెంబడి మందు వెనక్కి పాకి చర్మం కిందికి కారే అవకాశముంది.

మూడోది సిరగోడని అంటుకుని పెరిగి, సిరని సగమో మొత్తమో మూసేది. మా ఊరి పిల్లకి వచ్చింది ఇదే.

నాలుగోది గుండె పైగదిలోనే, గొట్టం కొసని పట్టుకుని వేలాడే గడ్డ. అరుదు. కాని అన్నిటికంటే జాగ్రత్తగా చూడవలసింది.

మీరు గమనించవలసిన గుర్తులు

గొట్టం ఉన్న బిడ్డని రోజూ స్నానం చేయించేటప్పుడు ఒక్క నిమిషం వెచ్చించి చూడండి.

1. రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒక చెయ్యి లావుగా, బరువుగా, రంగు మారినట్టుగా ఉందా? గాజో దారమో కట్టి ఉంటే అది ఒకవైపే బిగుస్తోందా?

2. మెడ, ముఖం, కళ్ళు ఉబ్బాయా? ముఖ్యంగా పొద్దున్న లేచేసరికి ఎక్కువై, కూర్చున్నాక తగ్గుతోందా?

3. ఛాతీమీద, భుజంమీద ఒకవైపే నీలిరంగు సిరలు కొత్తగా తేలాయా?

4. మెడ, భుజం, చెయ్యి నొప్పి అంటోందా? మెడ ఒకవైపు తిప్పడానికి ఏడుస్తోందా?

5. గొట్టం కడిగేటప్పుడు బిగువుగా ఉందని, రక్తం వెనక్కి రావడం లేదని నర్సు చెప్పిందా? ఒకసారైతే సరే, మళ్ళీమళ్ళీ అదే జరిగితే లోపల గడ్డ ఉందేమో చూడాలి.

6. తొడ సిరలోంచి గొట్టం వేసిన శిశువైతే, ఆ కాలు వాచిందా, రంగు మారిందా?

ఈ గుర్తుల్లో ఏది కనిపించినా ఆరోజే ఆస్పత్రికి చెప్పండి. ఇక ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో పోటు, దగ్గులో రక్తం, స్పృహ తప్పడం, మూతి వంకర పోవడం, ఒకపక్క చెయ్యీ కాలూ పడిపోవడం, ఫిట్స్, భరించలేని తలనొప్పి వీటిలో ఏది వచ్చినా తెల్లారనిద్దామని ఆగకండి. 108కి ఫోన్ చేసి బయల్దేరండి.

గొట్టం కడిగిన గంటలోపే చలీ జ్వరం వస్తే దానికీ ఆలస్యం చెయ్యకూడదు. గొట్టంలో సూక్ష్మజీవులు చేరాయని దాని అర్థం కావచ్చు. గడ్డ ఉన్నచోట అవి గూడు కట్టుకుంటాయి, సూక్ష్మజీవులున్నచోట గడ్డ త్వరగా పెరుగుతుంది. ఈ రెండూ ఒకదానికొకటి చేయూత.

నా పొరపాటు

ఇప్పుడు ఆ పాత సంగతి చెబుతాను. తొమ్మిదేళ్ళ కుర్రవాడు. అదే జబ్బు, అలాంటి గొట్టమే. తండ్రి కౌలురైతు. “ముఖం, మెడ వాచాయండి, చెయ్యి కూడా బరువంటున్నాడు” అన్నాడు. స్టెరాయిడ్ వాపే, మందు ఆపగానే పోతుందని ధైర్యం చెప్పి పంపేశాను. చొక్కా విప్పించలేదు. రెండు చేతులూ పోల్చి చూడలేదు. బయట నూటయాభై మంది రోగులు నిలబడి ఉన్నారు. అది కారణమే గాని సమర్థన కాదు.

పదిరోజుల తర్వాత అర్ధరాత్రి ఆ కుర్రవాడికి ఆయాసం వచ్చింది. గడ్డలోంచి ఒక ముక్క తెగి, గుండెలోంచి ఊపిరితిత్తులకి వెళ్ళి అక్కడ రక్తనాళాన్ని అడ్డగించింది. అదృష్టవశాత్తు పట్నం చేరేదాకా ప్రాణం నిలిచింది. నెలన్నర వైద్యం తర్వాత బతికి బయటపడ్డాడు. కాని చేతి పెద్దసిర శాశ్వతంగా మూసుకుపోయింది. ఇప్పటికీ ఎక్కువసేపు బరువు మోస్తే ఆ చెయ్యి లాగుతుంది, సాయంత్రానికి వాస్తుంది. కొందరు పిల్లల్లో గడ్డ మిగిల్చిపోయే శాశ్వత బాధ ఇదే.

మళ్ళీ కనిపించినప్పుడు తండ్రి కోప్పడలేదు. “మీరు మామూలు వాపే అన్నారు కదండీ, అందుకే ఆగాం” అన్నాడు. అంతే. ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఆనాటినుంచి గొట్టం ఉన్న పిల్లవాడెవరొచ్చినా, దగ్గుకి వచ్చినా దురదకి వచ్చినా, చొక్కా విప్పించకుండా పంపను. మీ డాక్టరు విప్పించకపోతే మీరే విప్పి చూపించండి. మొహమాటపడకండి.

ఇంకో రెండు ప్రమాదాలు కూడా చెప్పాలి. గుండె గదుల మధ్య పుట్టుకతో చిన్న రంధ్రం ఉన్న పిల్లల్లో గడ్డముక్క ఊపిరితిత్తులకి పోవడానికి బదులు మెదడుకి పోవచ్చు. ఇక డయాలిసిస్ పిల్లలకి, రక్తంలోకే ఆహారం తీసుకునే పిల్లలకి పెద్దసిరలే జీవనాధారం. ఒక్కొక్కటే మూసుకుపోతూ ఉంటే, చివరికి గొట్టం పెట్టడానికి చోటే మిగలదు.

పరీక్షలు

మొదట చేసేది డాప్లర్ స్కానింగు. సూది లేదు, నొప్పి లేదు. మెడలోని సిర, చేతి సిర ఇందులో బాగా కనిపిస్తాయి. కాని కాలర్ బోన్ వెనక, ఛాతీ లోపల ఉన్న సిరలు ఎముకల చాటున ఉంటాయి గనక సరిగా కనిపించవు. “స్కానింగులో ఏమీ లేదన్నారు, కాని చెయ్యి వాపు తగ్గలేదు” అనే పరిస్థితి వస్తే అంతటితో వదిలెయ్యకూడదు. సిరలోకి రంగుమందు పంపి ఎక్స్‌రేగాని, సి.టి. లేక ఎం.ఆర్. స్కానుగాని తీయవలసి ఉంటుంది. గుండెలో గడ్డ అనుమానముంటే ఎకో పరీక్ష.

చికిత్స

గొట్టం లోపల మాత్రమే అడ్డు పడితే, మొదట పిల్లని పక్కకి తిప్పి, చెయ్యి పైకెత్తించి, దగ్గమని చూస్తారు. గొట్టం కొస సిరగోడకి ఆనుకుని ఉంటే ఈపాటి కదలికకే సర్దుకుంటుంది. లేకపోతే గడ్డని కరిగించే మందు కొద్దిగా గొట్టంలో నింపి, కాసేపు ఆగి వెనక్కి తీస్తారు. ఇది ఆస్పత్రిలో, తెలిసినవాళ్ళు చెయ్యవలసిన పని.

సిరలో గడ్డ ఉంటే, రక్తం గడ్డకట్టే గుణాన్ని తగ్గించే మందులు ఇస్తారు. వీటిని ‘రక్తం పలచబడే మందులు’ అంటాం. నిజానికి రక్తం నీళ్ళలా పలచబడదు, ఉన్న గడ్డని ఈ మందు కరిగించదు కూడా. గడ్డ పెరగకుండా ఆపుతుంది. కరిగించే పని మెల్లగా మన శరీరమే చేసుకుంటుంది. గడ్డని నేరుగా కరిగించే మందులు వేరే ఉన్నాయి. రక్తస్రావం భయం ఎక్కువ గనక, ప్రాణానికో అవయవానికో ముప్పు ఉన్నప్పుడే వాటిని వాడతారు.

మొదటి మందు హెపారిన్. 1916లో అమెరికాలో జే మెక్లీన్ అనే వైద్య విద్యార్థి కుక్క కాలేయంలో ఇలాంటి గుణమున్న పదార్థాన్ని కనుక్కోవడంతో దీని కథ మొదలైంది. ఆ పేరు గ్రీకు భాషలో కాలేయానికున్న మాటనుంచే వచ్చింది. ఇప్పుడు పిల్లలకి ఎక్కువగా ఇస్తున్నది ఇందులోనే మెరుగుపరిచిన రకం, ఎనోక్సపారిన్. దీన్ని పొట్టమీదో తొడమీదో చర్మం కింద, సామాన్యంగా రోజుకి రెండుసార్లు ఇస్తారు. తల్లిదండ్రులు నేర్చుకుని ఇంట్లోనే ఇవ్వవచ్చు. మోతాదు బిడ్డ బరువుని బట్టి ఉంటుంది. పక్కింటి పిల్లవాడి మోతాదు మీ పిల్లవాడికి పనికిరాదు.

వార్ఫరిన్ మాత్రలు చవక. కాని తరచు రక్తపరీక్ష చేయించాలి, ఇతర మందులతో పేచీ ఎక్కువ. తోటకూర, పాలకూర, గోంగూర వంటి ఆకుకూరలు ఒకవారం విపరీతంగా తిని మరోవారం మానేస్తే దీని లెక్క తప్పుతుంది. మానెయ్యనక్కర్లేదు, ఎప్పుడూ ఒకే తీరుగా తినాలి. రివరోక్సబాన్, డబిగాట్రాన్ అనే నోటిమందులని పిల్లలకి వాడటానికి అమెరికాలో 2021లో అనుమతి వచ్చింది. ఎవరికి ఏది తగినదో మీ డాక్టరే నిర్ణయించాలి.

ఎంతకాలం వాడాలి? సాధారణంగా ఆరువారాలనుంచి మూడునెలలు. కారణం తాత్కాలికమై, గడ్డ త్వరగా సర్దుకున్న పిల్లల్లో చాలామందికి ఆరువారాలు చాలునని 2022లో వెలువడిన పరిశోధన చెప్పింది. గొట్టం ఇంకా లోపలే ఉంటే మరికొంతకాలం పొడిగిస్తారు.

రక్త కాన్సర్ పిల్లల తల్లిదండ్రులు రెండు విషయాలు తప్పక గుర్తుంచుకోవాలి. ఒకటి, వెన్నులో సూదిమందు ఇచ్చే తేదీకి ముందు ఈ మందు ఆపాలి. ఎన్ని గంటల ముందు ఆపాలో అడిగి రాసుకోండి. రెండు, రక్తంలో ప్లేట్‌లెట్లు బాగా పడిపోయినప్పుడు ఇదే మందువల్ల రక్తస్రావం కావచ్చు. కనుక చెప్పిన తేదీకి రక్తపరీక్ష మానవద్దు. చిగుళ్ళనుంచి రక్తం, ముక్కునుంచి ఆగని రక్తం, నల్లటి విరేచనం, ఒంటిమీద కమిలిన మచ్చలు కనిపిస్తే వెంటనే చెప్పండి.

గొట్టం వెంటనే పీకేయాలా?

“గడ్డకి కారణం గొట్టమే కదా, తీసేస్తే పోలా?” అని చాలామంది అడుగుతారు. గొట్టం బాగా పనిచేస్తూ, దాని అవసరం ఇంకా ఉంటే, మందు వాడుతూ గొట్టం ఉంచవచ్చు. తియ్యవలసివస్తే కూడా మామూలుగా కొద్దిరోజులు మందు ఇచ్చి తర్వాతే తీస్తారు. హడావుడిగా లాగితే దాన్ని పట్టుకున్న గడ్డముక్క ఊడి పోతుందేమోనని భయం.

రాకుండా చూసుకోలేమా?

గొట్టం ఉన్న ప్రతి బిడ్డకీ ముందుగానే ఈ మందు ఇస్తే సరిపోదా? ఈ ఆలోచన పెద్దలకీ వచ్చింది. 512 మంది రక్త కాన్సర్ పిల్లలమీద అపిక్సబాన్ అనే మందుతో జరిపిన పరిశోధన ఫలితాలు 2024లో అచ్చయ్యాయి. గడ్డలు కొంత తగ్గినట్టు కనిపించినా, అది మందు మహిమేనని గట్టిగా చెప్పేంత తేడా రాలేదు. అందుచేత అందరికీ కాక, ముప్పు ఎక్కువున్న పిల్లలకి మాత్రమే డాక్టర్లు ఆలోచించి ఇస్తున్నారు.

మీ చేతిలో ఉన్న జాగ్రత్తలు ఇవి:

గొట్టాన్ని చెప్పిన రోజుకి తప్పక కడిగించండి. ఎన్ని రోజులకోసారి అనేది గొట్టం రకాన్ని బట్టి మారుతుంది. మీ కార్డుమీద రాయించుకోండి. పండగలొచ్చినా, నాట్లొచ్చినా ఆ తేదీ దాటనివ్వకండి.

గట్టిగా ఉంటే బలవంతంగా నెట్టనివ్వకండి. చిన్న సిరంజిలో ఒత్తిడి ఎక్కువ. గొట్టం చిట్లవచ్చు. అందుకే పది మిల్లీలీటర్ల సిరంజి వాడాలి.

గొట్టం ఉన్నవైపు చేతికి బి.పి. పట్టీ కట్టడం, సూది గుచ్చడం వద్దని చెప్పండి. ఊళ్ళో ఎవరికీ గొట్టంలోంచి మందు ఎక్కించే అవకాశం ఇవ్వకండి.

వాచిన చేతికి నూనె మర్దన, పసరు కట్లు, ఇటుక కాపడం, బిగువు కట్టు పనికిరావు. మర్దనకి గడ్డ కదిలే ప్రమాదముంది. ఆస్పిరిన్ వంటి మాత్రలు సొంతంగా వెయ్యకండి.

మంచినీళ్ళు, మజ్జిగ, కొబ్బరినీళ్ళు డాక్టరు అనుమతించిన మేరకు తాగించండి. పిల్లని రోజంతా పడుకోబెట్టకుండా ఆడుకోనివ్వండి.

గొట్టం ఏ రకం, ఎప్పుడు, ఏవైపు పెట్టారు, ఏ మందులు వాడుతున్నారు, ఆస్పత్రి ఫోన్ నంబరు ఇవన్నీ ఒక కాగితంమీద రాసి పిల్లతోనే ఉంచండి. మాలాంటి చిన్న ఆస్పత్రి డాక్టర్లకి అర్ధరాత్రి ఆ కాగితమే దారి చూపిస్తుంది.

వెళ్ళినప్పుడల్లా ఒక ప్రశ్న అడగండి: “ఈ గొట్టం ఇంకా అవసరమా అండీ?” అవసరం తీరిన గొట్టాన్ని ఒక్కరోజు కూడా ఎక్కువ ఉంచకూడదు. అన్నిటికంటే పెద్ద జాగ్రత్త ఇదే.

తరచు అడిగే ప్రశ్నలు

*గొట్టం ఉన్న పిల్లని బడికి పంపవచ్చా?*

రక్తకణాల సంఖ్య బాగుండి, డాక్టరు సరేనంటే పంపవచ్చు. టీచరుకి చెప్పి ఉంచండి. గొట్టానికి దెబ్బ తగిలే ఆటలు వద్దు. పోర్టు అయితే, పుండు మానాక, సూది లేనప్పుడు మామూలుగా స్నానం చెయ్యవచ్చు. గొట్టం బయటికి ఉన్నవాళ్ళు కట్టు తడవకుండా చూసుకోవాలి. చెరువులో, కాలవలో మునగకూడదు.

*మా బిడ్డకి గడ్డ వచ్చింది. ఇది మా వంశంలోనే ఉందేమో?*

గొట్టం ఉన్న పిల్లల్లో చాలామటుకు కారణం గొట్టమే. ఇంట్లో చిన్నవయసులోనే కాళ్ళలోనో ఊపిరితిత్తుల్లోనో గడ్డలు వచ్చినవాళ్ళుంటే మాత్రం డాక్టరుకి చెప్పండి. అవసరమైతే పరీక్షలు చేయిస్తారు. అనవసరంగా ఎవరినీ నిందించుకోకండి.

*మళ్ళీ గొట్టం పెడితే మళ్ళీ గడ్డ వస్తుందా?*

ఒకసారి వచ్చినవాళ్ళకి ముప్పు కొంత ఎక్కువ. అందుకే కొత్త గొట్టం పెట్టేముందు సిరలని స్కాన్ చేసి చూస్తారు, కొన్నాళ్ళు మందు కొనసాగిస్తారు. పాత గడ్డ సంగతి మీరే గుర్తుచెయ్యండి.

చివరిగా

మా ఊరి పిల్ల మాట చెప్పనే లేదు కదూ. మూడునెలలు తల్లే రోజూ సూదిమందు ఇచ్చింది. చదువు రాని మనిషి, సిరంజి గీతలు లెక్కపెట్టడం నర్సు దగ్గర నేర్చుకుంది. ఒక్కపూట తప్పలేదు. వాపు తగ్గింది. కాన్సర్ వైద్యం ఆగకుండా సాగింది. వైద్యం ముగిశాక గొట్టం తీసేశారు. పోయిన సంక్రాంతికి కొత్త గాజులు వేసుకుని అమ్మమ్మతో కలిసి వచ్చింది. “చూడండి డాక్టరుగారూ!” అంటూ రెండు చేతులూ చాచింది. రెండువైపులా గాజులు ఒకేలా జారాయి.

ఈ పేజీ మడిచి పెట్టడం మరిచిపోయినా ఫరవాలేదు. గొట్టం ఉన్న బిడ్డ మీ ఇంట్లోనో, మీ వీధిలోనో ఉంటే, ఇవాళ సాయంత్రం ఆ రెండు చేతులూ పక్కపక్కన పెట్టి ఒకసారి చూడండి.